ఏటి అడుగున హెల్‌బెండర్లు

నేను చేసే పని ఏమిటో చెప్పాలంటే ముందు ఆ జీవి ఏమిటో చెప్పాల్సి వచ్చేది. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో మనవాళ్ళెవరింటికి భోజనానికి వెళ్ళినా, ప్లేట్లు పట్టుకుని నిలబడ్డచోట ఎవరో ఒకరు "మీరెక్కడ వర్క్ చేస్తున్నారండీ?" అని అడిగేవారు. "హెల్‌బెండర్స్‌తో" అనేదాన్ని. అదేదో కొత్త స్టార్టప్ అనుకుని "రిమోటా, ఆఫీస్‌కి వెళ్ళాలా?" అన్నవాళ్ళున్నారు. అప్పుడు ఫోన్ తీసి ఫొటో చూపించేదాన్ని.

మోచేతి నుంచి వేలికొసల దాకా ఉండే పొడవు. బురద రంగు ఒళ్ళు. ఎవరో కాలితో తొక్కినట్టు చదునైన తల, దాని మీద ఆవగింజల్లాంటి కళ్ళు. రెండు పక్కలా చీర కుచ్చిళ్ళలా ముడతలు పడి వేలాడే చర్మం. ఫొటో చూసినవాళ్ళు ఫోన్ నా చేతిలో పెట్టేసి, తమకి తెలియకుండానే వేళ్ళు టిష్యూకి తుడుచుకునేవారు.

చూడ్డానికి పెద్ద బల్లిలా ఉన్నా అది కప్పలకి చుట్టం, సాలమాండర్ జాతి. ఈ రాష్ట్రానికి పడమటి కొసన కొండల్లో పారే ఏరుల్లో ఉంటుంది. ఆ కుచ్చిళ్ళ చర్మంతోనే నీళ్ళలోని గాలి పీల్చుకుంటుంది. అందుకని దానికి చల్లగా, తేటగా, వేగంగా పారే నీళ్ళు కావాలి. దాక్కోవడానికి అడుగున పెద్ద పలక రాయి కావాలి. ఇవి రెండూ ఉంటే ఏళ్ళ తరబడి అదే రాయి కింద ఉండిపోతుంది. పగలంతా లోపలే ఉండి, చీకటి పడ్డాక బయటికొచ్చి ఏటి ఎండ్రకాయల్ని తింటుంది. ఎవరి జోలికీ పోదు.

నేను విశాఖపట్నంలో జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్ళయ్యాక డిపెండెంట్ వీసా మీద వచ్చి, పనిచేసే అనుమతి లేక చాలా ఏళ్ళు ఇంట్లోనే ఉన్నాను. అనుమతి వచ్చాక కొన్నాళ్ళు స్కూళ్ళలో, సెలవు పెట్టినవాళ్ళ బదులు వెళ్ళే సబ్‌స్టిట్యూట్ టీచర్‌గా చేశాను. ఆ రోజుల్లో ఒక చిన్న సంస్థ వాళ్ళు, హెల్‌బెండర్ల గురించి ఊళ్ళలో, స్కూళ్ళలో చెప్పడానికి మనిషి కావాలన్నారు. ఇంటర్వ్యూకి ఆఫీసుకి రమ్మనలేదు. నాలుగు గంటల దూరంలో ఉన్న ఏటి ఒడ్డుకి రమ్మన్నారు.

అక్కడ నాకోసం ఎదురుచూస్తున్నావిడ ఆ పని మొత్తానికి పెద్ద. అరవై దాటిన బయాలజిస్టు. ఆ కొండల్లోనే పుట్టి పెరిగింది. రెండు మోకాళ్ళకీ ఆపరేషన్లయ్యాయి. ఏటి హోరు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైపోయింది.

"ఈతొచ్చా?" అంది.

"రాదండీ."

"పర్లేదు. ఇక్కడ నీళ్ళు నడుం దాటవు. చలికి ఓర్చుకోగలవా?"

"తెలీదు."

ఆ జవాబు ఆవిడకి నచ్చినట్టుంది. ఒళ్ళంతా పట్టేసే రబ్బరు సూటు ఒకటి నా మీదికి విసిరింది.

పని చెప్పడానికి సులువే. ఆవిడ గునపంలాంటి పొడుగాటి కొక్కెం కర్రతో పలక రాయిని జానెడు ఎత్తి పట్టుకునేది. నేను ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ళలో బోర్లా పడుకుని, రాయి కిందికి చెయ్యి పోనిచ్చి తడిమేదాన్ని. తర్వాత రాయి ఎలా ఉన్నది అలా దించాలి. వేలెడు పక్కకి జరిగినా అది ఇక పాత ఇల్లు కాదు.

మొదటిసారి నా వేళ్ళకి తగిలింది తరిగిన బెండకాయ జిగురులాంటి మెత్తని చల్లదనం. అది కదిలింది. నా అరచేతి మీదుగా మెల్లగా, ఏ తొందరా లేకుండా పాకింది. నాకు నవ్వొచ్చి గుక్కెడు నీళ్ళు మింగాను. అమెరికా వచ్చాక నా చదువు నా చేతికి తగలడం అదే మొదలు.

ఆ ఏటి వంపులో, జనం గుడారాలేసుకుని ఉండే ఒక క్యాంప్‌గ్రౌండ్ కింద, మంచమంత పలక రాయి ఉండేది. దాని కింద ఒక ముసలి మగది. చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెట్టారు గనక, చిప్ నంబరు చదివే మీటరు దగ్గర పెడితే అదేనని తెలిసేది. బయాలజిస్టు దాన్ని నేను రాకముందు నుంచీ అక్కడే చూస్తోంది. ఆవిడ రాయి ఎత్తేది, నేను లోపలికి చూసి బొటనవేలు పైకెత్తేదాన్ని. "ఇంట్లోనే ఉన్నాడన్నమాట పెద్దాయన" అనేది.

సెప్టెంబరులో అవి గుడ్లు పెట్టే కాలం. ఆడది పెట్టి వెళ్ళిపోతుంది. మగది రాయి గుమ్మంలో తల పెట్టుకుని, గుడ్లు పిల్లలయ్యేదాకా కాపలా కాస్తుంది. పై వాలులో వెకేషన్ క్యాబిన్ల కోసం చెట్లు కొట్టేసిన ఏడు, నీళ్ళు కాస్త మసకబారాయి. పైకి పెద్ద తేడా లేదు. పిల్లలు ఎప్పట్లాగే ట్యూబులేసుకుని తేలుతూ పోతున్నారు. ఆ సెప్టెంబరులో నేను రాయి కిందికి చూస్తే ముసలిది ఎప్పటిలాగే గుమ్మంలో ఉంది. వెనక ముత్యాల దండల్లా గుడ్లు. వారం తర్వాత చూస్తే సగం లేవు. ఆ తర్వాత అసలు లేవు. దాని పొట్ట ఉబ్బి ఉంది.

"చేపలు తిన్నాయా?" అన్నాను ఒడ్డుకొచ్చి.

"కాదు. తనే తిన్నాడు. నీళ్ళు బాగాలేకపోతే పిల్లలు బతకవని వీటికి ఎలాగో తెలుస్తుంది. పోయేవాటికి కాపలా ఎందుకని తినేస్తాయి. మళ్ళీ ఏడాదికి ఒంట్లో శక్తి దాచుకుంటాయి. మళ్ళీ ఏడాది కూడా ఇంతే."

కర్ర ఇసుకలో గుచ్చి, కాసేపు దాని మీద ఆనుకుని నిలబడింది. చాలా ఏరుల్లో ఇప్పుడు ముసలివే మిగిలాయని, పిల్లలు కనబడటం లేదని అప్పుడు చెప్పింది. ముసలివి చాలాకాలం బతుకుతాయి గనక అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుందట.

నా అసలు ఉద్యోగం మాట్లాడటం. చేపల గాలాలమ్మే దుకాణాల ముందు, చర్చి హాళ్ళలో, స్కూళ్ళలో, బల్ల మీద రబ్బరు బొమ్మ పెట్టుకుని నిలబడేదాన్ని. అక్కడివాళ్ళలో చాలామందికి అది విషపు జంతువనీ, చేపల్ని తినేస్తుందనీ నమ్మకం. గాలానికి పడితే తల నరికి పారేసేవాళ్ళు. నేను చెప్పేవి మూడే మాటలు. విషం లేదు, గాలానికి పడితే దారం కోసి వదిలెయ్యండి, ఏట్లో రాళ్ళు కదపకండి.

ఆ క్యాంప్‌గ్రౌండ్ యజమాని మొదట నన్ను లోపలికి రానివ్వలేదు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆయన కొండ యాస ఇంగ్లీషు అర్థం కావడానికి నాకు ఒక వేసవి పట్టింది. "మా నాన్న వాటిని మేకుతో చెట్టుకి కొట్టేవాడు. నేను మేకులు అందించేవాణ్ణి" అన్నాడు నా రబ్బరు బొమ్మని చూసి. ఒక మధ్యాహ్నం బయాలజిస్టు ఆయన్ని ఒప్పించి, ముఖానికి అద్దం పెట్టి, వంపు దగ్గర లోతులేని చోట బోర్లా పడుకోబెట్టింది. పెద్దాయన గుమ్మంలో తల పెట్టుకుని ఉన్నాడు. యజమాని చాలాసేపు లేవలేదు. భయమేసి నేను భుజం తట్టాను.

లేచి, గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే, "ఇది నాకంటే ముసలిదిలా ఉందే" అన్నాడు.

ఆ తర్వాత మా కరపత్రాలు అడగలేదు, మా బోర్డు పెట్టమంటే పెట్టలేదు. తనే ఒక చెక్క పలక మీద రంగుతో రాసి ఒడ్డున నాటాడు: 'రాళ్ళు ముట్టుకుంటే బయటికి పొండి.' మా బోర్డుల కంటే అదే ఎక్కువ పనిచేసింది.

నాకు కష్టమైంది మనవాళ్ళతో. ఒక లాంగ్ వీకెండ్‌లో మా మోరిస్‌విల్ నుంచే నాలుగైదు కుటుంబాలు ఆ ఏటికొచ్చాయి. ఒడ్డున దుప్పట్లు పరిచి, పులిహోర, చికెన్ ఫ్రై డబ్బాలు విప్పారు. పిల్లలు నీళ్ళలో రాళ్ళు పేర్చి అడ్డకట్ట కడుతున్నారు. నాన్నలు వీడియో తీస్తున్నారు. నేను తడి సూటుతో నీళ్ళలోంచి లేచేసరికి ఒకావిడ కెవ్వున అరిచింది. తర్వాత గుర్తుపట్టి నవ్వింది.

నేను విషయం చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. ఒక పాప, "ఆంటీ, దే లివ్ అండర్ దిస్ వన్? నేను రాక్ పుట్ బ్యాక్ చేస్తా" అని రాయి పట్టుకుని నిలబడిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియక. వాళ్ళ నాన్న నవ్వుతూ అన్నాడు:

"ఒక్క రాయి తీస్తే ఏమైపోతుందండీ? ఇంత పెద్ద రివర్. వర్షం పడితే అవే మూవ్ అవుతాయి కదా."

"అందరూ ఒక్కొక్కటే తీస్తారు కదండీ."

"సరే సరే, రండి, ముందు తినండి. ఎంత చల్లగున్నయో మీ చేతులు" అని ఇందాక అరిచినావిడ ప్లేటు చేతికిచ్చింది. తిన్నాను. ఆకలి మీదున్నాను, పులిహోర బాగుంది. వాళ్ళు కట్ట విప్పేశారు కూడా. కానీ తీసిన రాళ్ళన్నీ ఒకే కుప్పగా ఒడ్డున పోశారు. వాళ్ళు వెళ్ళాక నేనూ బయాలజిస్టూ ఒక్కో రాయీ మోసి ఏట్లో పెట్టాం. ఏది ఎక్కడిదో మాకూ తెలియదు.

తర్వాతి ఏడాది సెప్టెంబరు చివర్లో తుఫాను వచ్చింది. మోరిస్‌విల్‌లో మామూలు వాన. కొండల్లో మాత్రం అంతకుముందే కురిసి కురిసి నేల నానిపోయి ఉంది. ఆ పైన తుఫాను కుమ్మరించింది. మర్నాటికి అక్కడి ఫోన్లు ఏవీ పలకలేదు. టీవీలో గోధుమరంగు నీళ్ళలో ఇళ్ళు పైకప్పులతో సహా కొట్టుకుపోతున్నాయి. వారం దాటాక బయాలజిస్టు ఎక్కడో గుట్టెక్కి ఫోన్ చేసింది.

"బతికే ఉన్నాను. ఏరు మాత్రం ఏరులా లేదు."

మా వీధిలోవాళ్ళంతా కలిసి ఒక వ్యాన్ నిండా తాగేనీళ్ళు, దుప్పట్లు, డైపర్లు, బియ్యం సర్దారు. తోలుకెళ్ళడానికి నేను సిద్ధమయ్యాను. మా ఆయనది వరంగల్ వైపు. గుమ్మంలో నిలబడి అన్నాడు:

"సామాన్లిచ్చి రా. మంచిదే. ఆళ్ళ ఇండ్లు పోయినయ్, మనుషులు పోయిన్రు. నువ్వు పోయి అక్కడ ఆ బల్లుల ముచ్చట తియ్యకు."

"తియ్యను" అన్నాను.

క్యాంప్‌గ్రౌండ్ ఉన్నచోట ఏమీ లేదు. ఇల్లు, షెడ్లు, ఆయన రాసిన పలక, అన్నీ పోయాయి. మనిషెత్తు పైన చెట్టుకొమ్మలకి బట్టలు వేలాడుతున్నాయి. యజమాని ముందురోజే గుట్ట మీదున్న చెల్లెలింటికి ఎక్కేశాడు గనక బతికాడు. ఏటికి బాగా దూరంగా ఉన్న మొక్కజొన్న చేలో మోకాలి లోతు ఇసుక మేట వేసింది. ఆ ఇసుక మీద, చొప్ప కర్రల మధ్య, హెల్‌బెండర్లు. ఎండిపోయి, ముడుచుకుపోయి, కొన్ని అప్పటికే వాసనేస్తున్నాయి. అది గుడ్ల కాలం. మగవి రాళ్ళ కింద గుమ్మాల్లో కూర్చుని ఉండి ఉంటాయి. నీళ్ళొస్తే పారిపోవడం వాటికి తెలియదు, ఇంకా లోపలికి దూరడమే తెలుసు.

బయాలజిస్టూ నేనూ బకెట్లు పట్టుకుని చేనంతా తిరిగి ఏరాం. ఆవిడ ఒక్కోదాని మీదా మీటరు పెట్టి చూసేది. కొన్నిటి మీద అది కూత పెట్టింది. పెద్దాయన వాటిలో లేడు. తర్వాత కూడా ఎక్కడా దొరకలేదు. ఆవిడ ఏడవలేదు. మోకాళ్ళు వంగక, నడుం దగ్గరే వంగి ఏరుతుంటే నాకే ఆవిడ వైపు చూడబుద్ధి కాలేదు.

చెత్త తీసే యంత్రాలు వస్తున్నాయని కొన్ని వారాలకి తెలిసింది. ఏట్లో కూలిన చెట్లు, కార్లు, ఇళ్ళ ముక్కలు ఉన్నాయి. తీయాల్సిందే. కానీ అలాంటి పని జరిగిన పక్క లోయలో పెద్ద బండ్లు ఏట్లోకే దిగి, అడుగున రాయి అన్నది లేకుండా గోకేశాయని విన్నాం. దాని మీద చర్చి హాలులో ఊరి సమావేశం పెట్టారు. బయాలజిస్టు నన్ను మాట్లాడమంది.

"మీరే మాట్లాడండి. మీ ఊరు, మీ మనుషులు."

"అందుకే. నేను రేపు కూడా వీళ్ళ మధ్యే ఉండాలి. నువ్వు బయటిదానివి. నీ మీద కోపమొస్తే ఆ కోపం నీతోపాటు కారెక్కి వెళ్ళిపోతుంది."

ఆ హాలులో నేను ఇదివరకు ఎన్నోసార్లు బొమ్మ పెట్టుకుని నవ్వుతూ మాట్లాడాను. ఇప్పుడు కిటికీలకి అద్దాల బదులు ప్లాస్టిక్ షీట్లు కొట్టి ఉన్నాయి. అందరూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. నేను లేచి, చెట్లూ కార్లూ తీసెయ్యండి గానీ ఏటి అడుగు రాళ్ళు మాత్రం ఉంచమని యంత్రాలవాళ్ళకి చెప్పండి, అవి పోతే హెల్‌బెండర్లు ఇక తిరిగి రావు అన్నాను. చెప్పడానికి అరనిమిషం కూడా పట్టి ఉండదు.

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. నా వయసే ఉంటుంది. గొంతు పెంచలేదు.

"మా అమ్మ ఇంకా దొరకలేదు. ఆ రాళ్ళ కింద ఉందేమో. వెతకొద్దంటావా?"

"లేదండీ. వెతకండి" అని కూర్చున్నాను. బయాలజిస్టు నా పక్కన తల వంచుకుని ఉంది. యజమాని ముందు వరసలో, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ, వెనక్కి తిరగలేదు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. సమావేశం అయ్యాక ఎవరో గ్లాసులో వేడి సూప్ తెచ్చిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

యంత్రాలు చలికాలమంతా పనిచేశాయి. మేము వాటికంటే ముందు నడుస్తూ, దొరికినవాటిని పట్టుకుని తప్పిద్దామని చూశాం. ఒక్కటంటే ఒక్కటి దొరికింది, ఇసుకలో సగం కూరుకుపోయిన ఫ్రిజ్ తలుపు కింద. వయసులో ఉన్న ఆడది. చిప్ లేదు, మేమెప్పుడూ చూడనిది. బక్కచిక్కి, కుచ్చిళ్ళు చిరిగి ఉంది. రాయి లేక ఆ రేకు కింద దూరింది.

ఆ తలుపు అక్కడే వదిలెయ్యమని యంత్రం నడిపేవాణ్ణి వెళ్ళి అడిగాను. కుర్రతనం దాటిన మనిషి, ఎక్కడో దూరపు రాష్ట్రం నుంచి వచ్చాడు. ఓపిగ్గానే విన్నాడు.

"ఫ్రిజ్‌లు వదలకూడదు మేడమ్. వదిలితే నా ఉద్యోగం పోతుంది. అయినా అది చెత్త కదా" అన్నాడు. అది చెత్తే. కాదని నేనెలా అంటాను?

ఆ హెల్‌బెండర్‌ని తడి గోనెలో చుట్టి, చేపలు పెంచే కేంద్రంలో ఒక తొట్టె అడిగి పెట్టించాం. లోపల మంచి పలక రాయి వేశాం. అది రాయి కిందికి వెళ్ళలేదు. మూలన గోడకి ఆనుకుని పగలంతా బయటే ఉండేది. ఎండ్రకాయలు వేస్తే అవి దాని మీద నుంచే నడిచి వెళ్ళేవి. నేను వెళ్ళినప్పుడల్లా తొట్టె పక్కన కాసేపు కూర్చునేదాన్ని. కాళ్ళకి తెల్లగా బూజు పట్టింది. మందు కలిపిన నీళ్ళలో ఉంచారు. చలికాలం పోకముందే పోయింది.

వసంతం వచ్చాక ఏట్లో నాలుగు చోట్ల సీసాలతో నీళ్ళు పట్టాం. ఆ నీళ్ళు వడగట్టి చూస్తే, హెల్‌బెండర్ ఒక్కటి ఎక్కడున్నా దాని చర్మం నుంచి ఊడిన కణాలు తెలుస్తాయి. ఏరు చూడ్డానికి అందంగా ఉంది. ఎండ అడుగుదాకా పడుతోంది. అడుగున ఎక్కడ చూసినా ఒకే రకం ఇసుక, కంకర. నీళ్ళు చప్పుడు లేకుండా పోతున్నాయి. నేను అద్దం పెట్టుకుని పడుకున్నాను గానీ చెయ్యి పెట్టడానికి చోటు లేదు.

నెల తర్వాత బయాలజిస్టు ఫోన్ చేసింది. నేను కిరాణా దుకాణం పార్కింగ్‌లో ఉన్నాను.

"ఏమీ రాలేదు" అంది.

"ఒక్క చోట కూడానా?"

"ఒక్క చోట కూడా."

తర్వాత, పని ఈ వేసవితో మూసేస్తున్నారని, నాకోసం ఏదైనా ఉంటుందేమో అడిగి చూసిందని, లేదన్నారని చెప్పింది. "మీరేం చేస్తారు?" అన్నాను. "ఉత్తరం వైపు ఇంకో ఏరుంది. అక్కడ ఇంకా కొన్ని ముసలివున్నాయి. చూస్తూ ఉంటాను" అంది.

యజమానికి ఈ సంగతి ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. శనివారం పొద్దున్నే బయల్దేరాను. ఆయన చెల్లెలింటి పెరట్లో ఒక ట్రైలర్‌లో ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి మెట్టుకి చెక్క కొడుతున్నాడు. సుత్తి పక్కన పెట్టి విన్నాడు.

"అన్నీ పోయినట్టేనా?"

"ఆ ఏట్లో, అన్నీ."

"నువ్వు చెప్పినవన్నీ చేశాను" అన్నాడు. నన్ను తప్పుపట్టడం లేదు. లెక్క సరిపోక అడుగుతున్నట్టుంది. "గాలాల వాళ్ళకి చెప్పాను. పిల్లలకి చెప్పాను. రాళ్ళు ముట్టుకోనివ్వలేదు."

"అవునండీ. మీరు చేశారు."

"అయితే మరి ఎందుకు చేసినట్టు?"

నా దగ్గర చెప్పడానికి ఎన్నో మాటలు ఉండేవి. బల్లల వెనక నిలబడి ఏళ్ళ తరబడి చెప్పిన మాటలు. ఆయన ముఖం చూశాక ఒక్కటీ నమ్మకంగా అనిపించలేదు. తెలీదన్నాను. ఆయన తలూపి, రెండో చెక్క పట్టుకోమన్నాడు. నేను పట్టుకున్నాను, ఆయన మేకులు కొట్టాడు.

ఇంటికొచ్చేసరికి మసక చీకటి పడింది. మా ఆయన తలుపు తీసి, నా ముఖం చూసి, వంటింట్లోకి వెళ్ళి అన్నం వేడిచేశాడు. మళ్ళీ సబ్‌స్టిట్యూట్ పనికి అప్లై చేశాను. పిలిచిన రోజున ఏడో తరగతి వాళ్ళకి జంతువుల వర్గాలు చెప్పాలన్నారు. ఉభయచరాలు అన్నచోట, పుస్తకంలో ఉన్న కప్ప బొమ్మ చూపించి, పేజీ తిప్పాను.